పాత షార్ట్ స్కేల్ బేస్: ముందు స్ట్రింగులు, తర్వాతే స్క్రూడ్రైవర్

నా పాత ఫెండర్ మస్టాంగ్ బేస్ (నాలుగు స్ట్రింగుల బేస్ గిటారు) చేతికొచ్చిన మొదటి వారంలోనే ఒక కొత్త స్ట్రింగుల సెట్టు వృథా చేశాను. ప్యాకెట్ మీద షార్ట్ స్కేల్ అని ఉంది, నా గిటారు స్కేలు (స్ట్రింగు మోగే పొడవు) 30 అంగుళాలు, ఇంకేం కావాలి అనుకున్నాను. బిగించి చూస్తే నాలుగో స్ట్రింగు మీది లావుపాటి తీగ చుట్టు నట్ (మెడ చివర స్ట్రింగులు కూర్చునే గాళ్ల పట్టీ) దాకా రాకుండానే అయిపోయింది. చివర్న ఉండే సిల్కు దారం భాగం నట్ గాడిలో కూర్చుంది. మీటితే అట్టపెట్టె మీద కొట్టినట్టు మోగింది.

తప్పు స్ట్రింగుది కాదు. 1966లో వచ్చిన మస్టాంగ్‌లో స్ట్రింగును బాడీ వెనక నుంచి దూర్చి పైకి తీయాలి. ఆ దారిలోనే బోలెడు పొడవు పోతుంది. అందుకే దానికి మీడియం స్కేల్ సెట్టు గానీ, బాడీలోంచి దూర్చే బేస్‌లకని ప్రత్యేకంగా చేసింది గానీ కొనాలి. కొనేముందు పాత స్ట్రింగు వెళ్లిన దారిలోనే ఒక దారం పెట్టి, వెనకున్న బాల్ (స్ట్రింగు చివరి లోహపు ముక్క) దగ్గర్నుంచి నట్ దాకా కొలవండి. లావు చుట్టు ఆ కొలత దాటాలి, కానీ ట్యూనర్ పోస్టు (శ్రుతి మర తిప్పితే స్ట్రింగు చుట్టుకునే కడ్డీ) దాకా రాకూడదు. గిబ్సన్ ఈబీ-0, ఈబీ-3 లాంటి 30.5 అంగుళాల వాటికి ఈ గొడవ లేదు, మామూలు షార్ట్ స్కేల్ సెట్టు సరిపోతుంది.

చవగ్గా దొరికాయని లాంగ్ స్కేల్ స్ట్రింగుల్ని కత్తిరించి వేసేవాళ్లున్నారు. నేను వద్దనే అంటాను. లావు చుట్టును పోస్టుకు చుడితే అక్కడే విరుగుతుంది, లేదా విడిపోతుంది. తప్పదంటే, కత్తిరించే చోటుకు కాస్త ఇవతల స్ట్రింగును ముందు నిలువుగా వంచి, ఆ తర్వాతే కత్తిరించండి. వంచకుండా కోస్తే లోపలి తీగ మీద చుట్టు జారిపోయి స్ట్రింగు మూగబోతుంది.

ఇంకో లెక్క కూడా ఉంది. అదే స్ట్రింగును అదే శ్రుతికి 34 అంగుళాల బదులు 30 అంగుళాల మీద బిగిస్తే టెన్షన్ దాదాపు 22 శాతం తగ్గుతుంది. నాలుగో స్ట్రింగు వదులుగా ఊగి ఫ్రెట్లకు (మెడ మీది అడ్డ లోహపు పట్టీలకు) తగులుతుంటే చాలామంది ఫ్రెట్లు అరిగాయనుకుని అరగదీయించేస్తారు. ముందు ఒక సైజు లావు సెట్టో, ఫ్లాట్‌వౌండ్ (బల్లపరుపు తీగ చుట్టిన) సెట్టో వేసి చూడండి. ఫ్రెట్లో మెటల్ ఒకసారి పోతే మళ్లీ రాదు.

సెట్టు మారితే మెడ మీద లాగుడు మారుతుంది. కాబట్టి ట్రస్ రాడ్ (మెడ లోపల ఉండి దాని వంపును సరిచేసే లోహపు కడ్డీ) పని స్ట్రింగుల తర్వాతే. మొదటి ఫ్రెట్ దగ్గర ఒక వేలితో, మెడ బాడీలో కలిసే చోట ఇంకో వేలితో స్ట్రింగును నొక్కండి. మధ్యలో ఏడో ఫ్రెట్ మీద ఒక విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉంటే చాలు. మస్టాంగ్‌లో ఆ రాడ్‌ను తిప్పే మర మెడ బాడీలో కలిసే చివర ఉంటుంది, స్ట్రింగులు వదులు చేసి మెడ స్క్రూలు కాస్త విప్పితేగానీ అందదు. పావు చుట్టు తిప్పి, రాత్రంతా వదిలేసి, పొద్దున మళ్లీ చూడండి. మర బిగుసుకుని తిరగకపోతే అక్కడితో ఆపి చెయ్యి తిరిగినవాళ్లకు ఇవ్వండి. యాభై ఏళ్ల రాడ్ తెగితే ఆ ఖర్చు వేరే స్థాయిలో ఉంటుంది.

ట్యూనర్ల విషయంలో నా తప్పు ఇప్పటికీ గుచ్చుతుంది. ఒక పాత జపాన్ బేస్‌కు ట్యూనర్లు జారుతున్నాయని కొత్తవి కొన్నాను. పోస్టులు లావుగా ఉంటే హెడ్‌స్టాక్ (మెడ పైన ట్యూనర్లుండే తల భాగం) రంధ్రాలు పెద్దవి చేశాను. తీసేసిన పాతవాటికి తర్వాతెప్పుడో తీరిగ్గా చుక్క నూనె వేసి, గేరు మధ్య స్క్రూ బిగిస్తే చక్కగా పనిచేశాయి. తిరిగి పెడదామంటే రంధ్రాల్లో లటలటలాడుతున్నాయి. అప్పట్నుంచి రంధ్రం వ్యాసం, స్క్రూల మధ్య దూరం కాలిపర్‌తో కొలిచి రాసుకోకుండా ఏ పార్టూ కొనను. కొత్త పోస్టు సన్నగా ఉంటే అడాప్టర్ బుష్ వేసుకోవచ్చు, చెక్కను ముట్టుకోనక్కర్లేదు.

వాల్యూం తిప్పితే బరబరమంటుంటే పాట్ (నాబ్ కింద ఉండే కంట్రోల్) మార్చేయకండి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆ చివర్నుంచి ఈ చివరికి ఇరవైసార్లు తిప్పితే చాలాసార్లు అదే సర్దుకుంటుంది. పైగా ఆ పాట్ వెనక నంబరు మీ గిటారు జాతకం. 1376633 అని ఉంటే, 137 అంటే సీటీఎస్ కంపెనీ, 66 అంటే 1966, 33 అంటే ఆ ఏడాది 33వ వారం. గిటారు అంతకంటే ముందుది కాదని మాత్రం తెలుస్తుంది.

పికప్ (స్ట్రింగు కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) నుంచి శబ్దం రాకపోతే మల్టీమీటర్ పెట్టండి. రీడింగే రాకపోతే కాయిల్ తెగినట్టు. అసలుదాన్ని రీవైండ్ చేయించడమే మేలు. మ్యూజిక్‌మాస్టర్ బేస్ కవరు కింద నాలుగు బదులు ఆరు పోల్ పీసులు (స్ట్రింగుల కిందుండే అయస్కాంతపు గుండీలు) కనిపించి ఎవరో మార్చేశారని కంగారు పడకండి. ఫెండర్ వాళ్లే అందులో ఆరు స్ట్రింగుల గిటార్ పికప్ పెట్టారు.

హాఫ్నర్ వయొలిన్ బేస్‌లో బ్రిడ్జ్‌ను (బాడీ మీద స్ట్రింగులు ఆనే భాగాన్ని) అతికించరు, స్ట్రింగుల ఒత్తిడే దాన్ని నిలబెడుతుంది. నాలుగూ ఒకేసారి విప్పారంటే ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్ దగ్గరా శ్రుతి సరిపోయే బ్రిడ్జ్ స్థానం) మళ్లీ మొదట్నుంచి వెతుక్కోవాలి. ఒక్కొక్కటే మార్చండి, ముందుగా బ్రిడ్జ్ పాదాల చుట్టూ మాస్కింగ్ టేప్ అంటించుకోండి.

చివరగా కేసు తెరిచి వాసన చూడండి. పాత సెల్యులాయిడ్ పిక్‌గార్డ్ చివికిపోతుంటే ఘాటైన ఆవిరి వస్తుంది, పక్కనున్న స్క్రూలూ స్ట్రింగులూ పచ్చగా తుప్పుపడతాయి. అలాంటిదుంటే గిటారు నుంచి విప్పి, ఒక కాగితం కవర్లో పెట్టి, గాలి ఆడే చోట, పొయ్యికీ ఎండకీ దూరంగా విడిగా ఉంచండి.