ఇంబోల్క్ పండుగకు బ్రిజిడ్ శిలువ అల్లి, ఆ సాయంత్రం జరుపుకోవడం ఎలా?

జనవరి 31న పొద్దు గుంకడంతో ఐర్లండ్ పాత పండుగ ఇంబోల్క్ మొదలై ఫిబ్రవరి 1 పగలంతా సాగుతుంది. పాత ఐర్లండ్ లెక్కలో రోజు సాయంత్రంతోనే మొదలవుతుంది కాబట్టి అసలు పని అంతా ముందురోజు రాత్రిదే. పగలు అతి చిన్నదైన డిసెంబరు రోజుకూ (అయనం), పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి రోజుకూ (వసంత విషువత్తు) మధ్య పడే పండుగ ఇది. అక్కడ గొర్రెలు ఈని పాలిచ్చే కాలం. మే 1న బెల్టేన్, ఆగస్టు 1న లూనసా, నవంబరు 1న సావిన్‌తో కలిపి ఐర్లండ్ సంవత్సరంలో నాలుగు మూల పండుగలు. 1950లలో ఇంగ్లండులో జెరాల్డ్ గార్డ్‌నర్ చుట్టూ చేరిన విక్కా (ప్రకృతినీ పాత దేవతలనూ కొలుస్తూ మంత్రతంతులు చేసే ఆధునిక మతం) బృందం ఈ నాలుగింటికి అయనాలు, విషువత్తులు చేర్చి ఎనిమిది పండుగల చక్రంగా జరుపుకోవడం మొదలుపెట్టింది. ఇప్పటి పేగన్‌లలో, అంటే క్రైస్తవానికి ముందటి దేవతలను కొలిచేవారిలో, ఎక్కువమంది పాటించేది ఆ చక్రాన్నే.

పండుగ బ్రిజిడ్‌ది. కవిత్వానికి, వైద్యానికి, కమ్మరి పనికి అధిదేవతలైన ముగ్గురు అక్కచెల్లెళ్లు ఒకే పేరుతో ఉన్నారని వెయ్యేళ్ల కిందటి ఐరిష్ నిఘంటువు ఒకటి చెబుతుంది. అదే పేరుతో కిల్డేర్ ఊళ్లో మఠం నడిపిన సెయింట్ బ్రిజిడ్ ఉంది. దేవతను తలుచుకునే పేగన్‌లూ, సెయింట్‌ను తలుచుకునే కేథలిక్ ఇళ్లవాళ్లూ ఒకే గడ్డి శిలువను అల్లి గుమ్మానికి కడతారు. కిల్డేర్‌లో ఆరిపోయిన బ్రిజిడ్ జ్యోతిని 1993లో మళ్లీ వెలిగించింది క్రైస్తవ సన్యాసినులే. క్రైస్తవానికి ముందు కూడా ఈ శిలువను అల్లేవారనడానికి గట్టి ఆధారమేమీ లేదు. వేల ఏళ్ల నాటిదని చెప్పి దాని విలువ పెంచాల్సిన అవసరమూ లేదు. తరతరాలుగా పల్లె ఇళ్లలో చేతులు నేర్చిన పని ఇది, గౌరవించడానికి అది చాలు.

కొత్తగా మొదలుపెట్టేవారు మంత్రాల పుస్తకాలతో కాక ఈ అల్లికతో మొదలుపెట్టడమే మేలని మా గట్టి అభిప్రాయం. ఈ పండుగలో పూజంతా చేతిపనిలోనే ఉంది.

గడ్డి ఎంపిక

ఐర్లండ్‌లో వాడేది తడి పొలాల్లో పెరిగే రష్ గడ్డి. కాడ గుండ్రంగా, మెత్తగా, లోపల బెండుతో ఉంటుంది. దాన్ని కత్తితో కోయరు, చేత్తో పీకుతారు. డబ్లిన్‌లో ఉన్న తెలుగువారికి ఊరి పొలిమేర దాటితే దొరుకుతుంది. పొలం ఎవరిదో అడిగి తీసుకోవాలి.

ఆంధ్ర, తెలంగాణల్లో దానికి దగ్గరగా పనికొచ్చేది చాపలు అల్లే తుంగ. చెరువు గట్ల మీద, కాలువల పక్కన దొరుకుతుంది. ఆకులు కాదు, కాడలు తీసుకోండి. ఆకు అంచు చేతిని కోస్తుంది. పైనున్న పూల కుంచె తుంచెయ్యాలి. తుంగ కాడకు మూడు పలకలుంటాయి, అందువల్ల మడత ఒకవైపుకు జారుతుంది. అల్లేముందు అప్పడాల కర్రతో ఒకసారి మెల్లగా ఒత్తితే చదునై మాట వింటుంది. మందు కొట్టిన పొలం గట్ల నుంచి తేవద్దు, కాడ చేతుల్లో గంటసేపు నలుగుతుంది. తుంగ దొరక్కపోతే వరిగడ్డి సరిపోతుంది. అది సన్నం కనుక రెండేసి పోచలు కలిపి ఒక కాడగా లెక్కపెట్టాలి.

కావలసినవి:

- 25 సెంటీమీటర్ల పొడవున కత్తిరించిన కాడలు 17 (విరిగేవి ఉంటాయి, 22 తెచ్చుకోండి)
- చిన్న రబ్బరు బ్యాండ్లు 4
- పురికొస లేదా నూలు దారం, 20 సెంటీమీటర్ల ముక్కలు 4
- కత్తెర, తడిగుడ్డ

పచ్చి కాడలైతే నానబెట్టక్కర్లేదు. కోసి రెండు మూడు రోజులైతే గోరువెచ్చని నీళ్లలో అరగంట, పూర్తిగా ఎండిన గడ్డైతే రెండు గంటలు నాననివ్వాలి. వేలికి చుట్టి చూడండి. పగలకుండా చుట్టుకుంటే సిద్ధమైనట్టే. రాత్రంతా నీళ్లలో వదిలేస్తే కాడ నల్లబడి, అల్లిన తర్వాత బూజు పడుతుంది. నానినవాటిని తడిగుడ్డలో చుట్టి పెట్టుకుని ఒక్కొక్కటే బయటికి తీయాలి.

అల్లిక

1. ఒక కాడను మడవకుండా నిలువుగా ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకోండి. మొత్తం అల్లికలో మడత లేనిది ఇదొక్కటే.

2. రెండో కాడను సరిగ్గా సగానికి మడిచి, మొదటి కాడ నడుముకు తగిలించండి. మడత ఎడమవైపు, రెండు కొసలూ కుడివైపు ఉండాలి. బిగుతుగా లాగండి.

3. మొత్తాన్ని గడియారపు ముల్లుకు ఎదురు దిశలో పావు చుట్టు తిప్పండి. ఇప్పుడు రెండో కాడ కొసలు పైకి చూస్తుంటాయి.

4. మూడో కాడను మడిచి, పైకి చూస్తున్న కొసలన్నిటినీ కలిపి చుట్టేలా తగిలించండి. దీని కొసలూ కుడివైపుకే. కేంద్రం దాకా నెట్టి, బిగించి, మళ్లీ అదే దిశలో పావు చుట్టు తిప్పండి.

5. ఇలాగే 17వ కాడ వరకూ చేయండి. ప్రతి కొత్త కాడా ఆ క్షణంలో పైకి ఉన్న కాడలన్నిటి మీదుగా వెళ్లాలి, దాని కొసలు ఎప్పుడూ కుడికే రావాలి. చివరికి శిలువ ఒక్కో చేతికి నాలుగేసి మడత కాడలు వస్తాయి.

6. నాలుగు చేతుల చివర్లనూ కొస నుంచి రెండు సెంటీమీటర్లు వదిలి రబ్బరు బ్యాండుతో కట్టండి. చివర్లు ఇప్పుడే కత్తిరించొద్దు.

తిప్పడం ఎదురు దిశలో ఉందే, విక్కాలో పని ప్రదక్షిణంగా జరగాలంటారు కదా అని కొందరికి సందేహం వస్తుంది. తిరిగేది శిలువ, మీ చెయ్యి కాదు. శిలువ వైపు నుంచి చూస్తే కొత్త కాడలు ఒకదాని తర్వాత ఒకటి ప్రదక్షిణ దిశలోనే చేరుతున్నాయి. నిశ్చింతగా అల్లండి.

ఎక్కువ మంది తప్పేది ఐదారు కాడల దగ్గర. అప్పటికింకా కేంద్రం వదులుగా ఉంటుంది, పట్టు కాస్త సడలినా అంతా విడిపోతుంది. ఆ దశలో శిలువను బల్ల మీద పెట్టకండి, ఫోను తీయకండి. ఎనిమిది కాడలు దాటాక అదే నిలబడుతుంది. రెండో తప్పు దిశ మరిచిపోవడం. మధ్యలో ఒక్కసారి అటు తిప్పాల్సింది ఇటు తిప్పినా, ఏటవాలు గీతలతో రావలసిన నడిమి చదరం ఒక మూల తెరుచుకుని గుంట పడుతుంది. అది కనిపిస్తే ముందుకు పోవద్దు, గుంట పడిన చోటు దాకా విప్పి మళ్లీ అల్లండి. రెండు కొసల్లో ఒకదాన్నే చుట్టి రెండోదాన్ని వదిలేయడం మూడో తప్పు. ఆ కాడ ఎండాక ఊడి వస్తుంది.

ఎండేకొద్దీ గడ్డి కుంచించుకుపోతుంది. మొదట దారంతో కడితే వారానికి ముడులు జారతాయి, రబ్బరు బ్యాండైతే గడ్డితో పాటు బిగుస్తుంది. పాత వార్తాపత్రికల మధ్య పెట్టి, పైన తేలికపాటి పుస్తకం ఒకటి ఉంచి, నీడలో నాలుగు రోజులు ఆరనివ్వండి. ఎండలో పెడితే చేతులు మెలికపడతాయి. కోస్తాలో గాలి తేమ ఎక్కువ, ఫ్యాను కింద ఉంచాలి. ఆరాక కేంద్రాన్ని వేళ్లతో లోపలికి నెట్టి బిగించి, బ్యాండ్లు తీసి దారంతో కట్టి, అప్పుడు చివర్లు సమానంగా కత్తిరించండి.

ఐర్లండ్‌లో మూడు చేతుల శిలువలూ, వజ్రాకారంలో అల్లినవీ ఉన్నాయి. మేయో కౌంటీలోని జాతీయ మ్యూజియంలో రకరకాలవి చూడొచ్చు. నాలుగు చేతులది చేతికి వచ్చాకే వాటి జోలికి వెళ్లండి.

ఆ సాయంత్రం

పొద్దుగుంకే వేళ హైదరాబాదులో దాదాపు ఆరుంబావు, డబ్లిన్‌లో దాదాపు ఐదు. ఆ లోపు ఇల్లు ఊడ్చి తుడిచి, గడ్డి నానబెట్టి సిద్ధంగా ఉండాలి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఉన్నవారికి ఫిబ్రవరి నడివేసవి. అక్కడి పేగన్‌లు చాలామంది ఈ పండుగను ఆగస్టు 1 ప్రాంతంలో చేసుకుంటారు, అదే సబబు.

ముందుగా గుడ్డ. 30 సెంటీమీటర్ల పొడవు, అరచేతి వెడల్పు ఉన్న నూలుగుడ్డను పొద్దు గుంకగానే పెరటి చెట్టుకొమ్మకో, బాల్కనీ దండేనికో ఒక ముడి వేసి కట్టండి. దీన్ని బ్రాట్ బ్రీజ అంటారు. ఆ రాత్రి బ్రిజిడ్ అటుగా వెళుతూ దాన్ని తాకి దీవిస్తుందని నమ్మకం. తెల్లవారేలోపు లోపలికి తెచ్చి ఏడాదంతా దాచుకుంటారు. తలనొప్పికి నుదుట కడతారు, ఈనబోయే ఆవు మీద కప్పుతారు. ప్రార్థనగా కట్టుకోండి, జబ్బుకు మందు మానకండి.

తర్వాత గడప దగ్గరి తంతు. ఇంట్లో ఒకరు తడిగుడ్డలో చుట్టిన గడ్డికట్టతో బయటికి వెళ్లి తలుపు తట్టి, “మోకరిల్లండి, కళ్లు తెరవండి, బ్రిజిడ్‌ను లోపలికి రానివ్వండి” అని అడుగుతారు. లోపలివారు ఆమెకు స్వాగతం అంటారు. ఇలా మూడుసార్లు. మూడోసారి తలుపు తీసి, గడ్డికట్టను తెచ్చి భోజనాల బల్ల కిందో, కింద కూర్చుని తింటే విస్తళ్ల పక్కనో పెట్టాలి. ఒంటరిగా చేసేవారు గడ్డిని ముందే బయట ఉంచి, తామే వెళ్లి ఆ మాటలు అంటూ తెచ్చుకోవచ్చు. మాటలు తెలుగులోనే అనండి. నోరు తిరగని ఐరిష్‌లో అప్పజెప్పడం కంటే అర్థం తెలిసి పలికే మాట మంచిది.

భోజనం సాదాది, వెన్న మాత్రం ధారాళంగా ఉండాలి. నలుగురికి అరకిలో బంగాళాదుంపలు ఉడికించి, నీళ్లు వంచి, రెండు నిమిషాలు ఆవిరి పోనివ్వండి. 100 మిల్లీలీటర్ల పాలలో గుప్పెడు ఉల్లికాడల తరుగు వేసి ఐదు నిమిషాలు మరగనిచ్చి, ఉప్పుతో సహా దుంపల్లో పోసి పప్పుగుత్తితో ఎనపండి. మిక్సీలో వేస్తే దుంపలోని పిండిపదార్థం బయటపడి బంకలా సాగుతుంది. వడ్డించాక ఒక్కో కంచంలో మధ్యన గుంట చేసి చెంచాడు వెన్న వేయండి. ఒక చిన్న గిన్నెలో ఇదీ, ఇంకో గిన్నెలో పాలూ కిటికీ దగ్గర బ్రిజిడ్ పేరున ఉంచాలి. మర్నాడు వాటిని మొక్కల మొదట్లో పోస్తారు.

భోజనమయ్యాక అల్లిక. చివరి బ్యాండు పడ్డాక దీపం వెలిగించి, కవిత్వం, వైద్యం, కమ్మరం మూడింటిలో ఈ ఏడాది మీకు ఏది కావాలో ఒక్కటి నోరు తెరిచి అడగండి. తేనెమైనపు కొవ్వొత్తి లేకపోతే నేతిదీపం చక్కగా సరిపోతుంది, పాల పండుగకు నెయ్యి పరాయిది కాదు. దీపానికీ గడ్డికీ మధ్య కనీసం ఒక మీటరు దూరం ఉండాలి, పడుకునేముందు దీపం కొండెక్కించాలి.

విక్కా పద్ధతిలో వెళ్లేవారు అల్లికకు ముందు వలయం గీస్తారు. సంప్రదాయంగా దాని వ్యాసం తొమ్మిది అడుగులు, ఫ్లాటులో ఎంత చోటుంటే అంత. తూర్పున గాలికి ధూపం, దక్షిణాన నిప్పుకు కొవ్వొత్తి, పడమర నీటికి గిన్నె, ఉత్తరాన మట్టికి ఉప్పు పెట్టి, ప్రదక్షిణంగా నడుస్తూ ఒక్కో దిక్కునూ పిలుస్తారు. పని అయ్యాక వచ్చిన దిక్కులకు కృతజ్ఞత చెప్పి వలయం విప్పుతారు. కత్తెర, తడిగుడ్డ, అగ్గిపెట్టె ముందే లోపల పెట్టుకోండి. వాటి కోసం మాటిమాటికీ గీత దాటితే మనసు నిలవదు. ఐరిష్ పల్లె ఆచారంలో మాత్రం ఈ వలయం లేదు. మొదటి ఏడాది గడప తంతుతోనే ఆగమని మా సలహా.

శ్రీపంచమి దాదాపు ఇదే రోజుల్లో వస్తుంది. చదువుల తల్లీ కవిత్వపు దేవతా ఒకరేనని కలిపేయాలని అనిపించడం సహజమే. ఇద్దరికీ వేర్వేరు నేల, వేర్వేరు కథలు, వేర్వేరు నైవేద్యాలు ఉన్నాయి. రెండు పండుగలూ చేసుకోండి, దేనికది వేరుగా.

ఒక జాగ్రత్త

ఐర్లండ్‌లో ఆడపిల్లలు బ్రీజోగ్ అనే గడ్డిబొమ్మను ఇంటింటికీ తిప్పేవారు. దాన్ని ఇక్కడ యథాతథంగా చేయకండి. తెలుగు పల్లెల్లో బాణామతి, చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలు జరిగాయి, ముఖ్యంగా పేదలు, వృద్ధులు, ఒంటరి ఆడవాళ్లు బలయ్యారు. వాకిట్లోనో కూడలిలోనో గడ్డిబొమ్మ, కట్టిన గుడ్డ, నైవేద్యం కనిపిస్తే ఆ అనుమానం మీ మీదికే కాదు, పక్కింటి అమాయకురాలి మీదికీ వెళ్లొచ్చు. బొమ్మ చేస్తే ఇంట్లోనే ఉంచండి. గుడ్డను మీ పెరడు, బాల్కనీ దాటనివ్వకండి. ఎవరైనా అడిగితే దాచకుండా శిలువ చేతికిచ్చి చూపించండి, పిల్లలకు అల్లడం నేర్పండి. ఐర్లండ్ బడుల్లో పిల్లలు దీన్ని బాహాటంగానే అల్లుతారు, 2023 నుంచి ఈ పండుగకు అక్కడ ప్రభుత్వ సెలవు కూడా ఉంది.

కట్టడం, మార్చడం

ఆరిన శిలువను వీధి తలుపు లోపలివైపు, ద్వారబంధం పైన మేకుకు తగిలించాలి. ఇంటిని నిప్పు నుంచీ ఆకలి నుంచీ కాస్తుందని నమ్ముతారు. వంటగదిలో పొయ్యి పైన కట్టొద్దు, ఎండిన గడ్డికి నిప్పురవ్వ చాలు. వానాకాలంలో నెలకోసారి దించి చూడండి. తెల్లటి బూజు కనిపిస్తే పొడిగుడ్డతో తుడిచి ఒక పూట గాలికి పెట్టాలి. చెదలు పట్టినదాన్ని ఉంచకుండా తీసేయాలి.

వచ్చే ఏడు కొత్తది కట్టేముందు పాతదాన్ని దించుతారు. కొందరు ఇంటి దూలాల మీద దాచేవారు, కొందరు కాల్చేవారు. మీరు కాల్చదలిస్తే ఆరుబయట మట్టిచట్టిలో, పక్కన చెంబుడు నీళ్లు పెట్టుకుని కాల్చి, బూడిద చల్లారాక కుండీలో కలపండి. నైలాను దారంతో కట్టి ఉంటే ముందు దాన్ని విప్పి తీసేయండి. ఫ్లాటులో నిప్పు కుదరకపోతే కత్తెరతో ముక్కలు చేసి ఎరువు గుంతలో వేయొచ్చు.