పాత స్పోర్ట్స్ కారు పొల్యూషన్ టెస్ట్‌లో ఫెయిలైతే లోపం ఎలా పట్టుకోవాలి?

పొల్యూషన్ టెస్ట్‌లో ఫెయిల్, పైగా డ్యాష్‌బోర్డులో చెక్ ఇంజన్ లైటు. ఒకరు సెన్సర్ పోయిందంటారు, ఇంకొకరు క్యాటలిటిక్ కన్వర్టర్ (సైలెన్సర్ పైపులో పొగను శుద్ధి చేసే భాగం) మార్చాలంటారు. పాత స్పోర్ట్స్ కారు పార్టులు నల్గొండలో అంత తేలిగ్గా దొరకవు, తెప్పిస్తే ఖర్చు వేలల్లో ఉంటుంది. కాబట్టి ఏదైనా కొనే ముందు కొలిచి చూడండి.

1. రిపోర్టులో అంకెలు చూడండి

బీఎస్-2, బీఎస్-3 (పాత భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాలు) పెట్రోల్ కార్లకు ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం, హైడ్రోకార్బన్లు 750 పీపీఎం దాటకూడదు. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువుంటే ఇంజన్‌కు పెట్రోల్ ఎక్కువ పోతున్నట్టు. అది మామూలుగానే ఉండి హైడ్రోకార్బన్లు మాత్రమే పెరిగితే, పెట్రోల్ కాలకుండానే బయటికి వస్తోంది: ప్లగ్గు, దానికి కరెంటిచ్చే కాయిల్, వాల్వు లీకు, లేదా గాలి మరీ ఎక్కువవడం.

చల్లటి ఇంజన్‌తో చేయించిన టెస్టును నమ్మకండి. కన్వర్టర్ పని మొదలుపెట్టాలంటే దాదాపు 250-300 డిగ్రీల వేడి కావాలి. నల్గొండ నుంచి నార్కట్‌పల్లి దాకా వెళ్లి వచ్చి, ఇంజన్ ఆపకుండా టెస్ట్ చేయించండి.

2. థర్మోస్టాట్ ఉందో లేదో చూడండి

ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే చిన్న వాల్వే థర్మోస్టాట్. మన దగ్గర ఎక్కువమంది పట్టించుకోనిది ఇదే. బోరు నీళ్లు పోసి పోసి రేడియేటర్‌లో సున్నం పేరుకుంటుంది. ఎండాకాలం ఇంజన్ హీటెక్కుతుంది. రేడియేటర్ శుభ్రం చేయకుండా కొందరు థర్మోస్టాట్ తీసి పక్కన పడేస్తారు. అప్పటికి హీటు తగ్గుతుంది కానీ హైవే మీద గాలి తగిలి ఇంజన్ అవసరానికి మించి చల్లబడుతుంది. ఇంజన్ ఇంకా వేడెక్కలేదనుకుని కారులోని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పంపిస్తుంది.

నా కారు కొన్నప్పుడు ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్ కొలిచేది) రెండుసార్లు మార్చాను. కార్బన్ మోనాక్సైడ్ తగ్గలేదు. చివరికి స్కానర్ పెట్టి నడిపితే ఇంజన్ వేడి 60 డిగ్రీల దగ్గరే ఆగింది. హౌసింగ్ విప్పితే లోపల థర్మోస్టాట్ లేదు! వేడెక్కిన ఇంజన్ సాధారణంగా 85-95 డిగ్రీల దగ్గర నిలబడాలి. రేడియేటర్‌లో ఎప్పుడూ కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి.

3. కోడ్లు చదవండి, కానీ వాటిని తీర్పు అనుకోకండి

ఓబీడీ పోర్టు (కారు కంప్యూటర్ దాచిన లోపాల కోడ్లు చదివే సాకెట్) ఉంటే చిన్న బ్లూటూత్ స్కానర్ చాలు. మరీ పాత కార్లకు కంపెనీ సొంత పోర్టు ఉంటుంది, దానికి తగిన స్కానర్ ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్లాలి. పీ0420 అంటే కన్వర్టర్ సరిగ్గా పనిచేయట్లేదని కంప్యూటర్ అనుమానం, అంతే. సైలెన్సర్ పైపు లీకైనా అదే కోడ్ రావచ్చు.

పీ0302 వస్తే రెండో సిలిండర్‌లో మిస్ ఫైరింగ్, అంటే అక్కడ పెట్రోల్ సరిగ్గా మండట్లేదు. ఒక్కో సిలిండర్‌కు విడి కాయిల్ ఉంటే రెండో కాయిల్‌ను మూడో దానికి మార్చి నడపండి. కోడ్ పీ0303గా మారితే తప్పు కాయిల్‌దే. మారకపోతే ప్లగ్గు, ఇంజెక్టర్, చివరగా కంప్రెషన్ చూడాలి.

4. ఫ్యూయల్ ట్రిమ్

కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచుతోందో (ప్లస్), తగ్గిస్తోందో (మైనస్) చెప్పే అంకె ఇది, స్కానర్‌లో కనిపిస్తుంది. నాకు అన్నింటికన్నా నమ్మకమైన పరీక్ష ఇది. లాంగ్ టర్మ్ ట్రిమ్‌ను (కొంతకాలంగా నిలకడగా ఉన్న సవరణ) ఐడ్లింగ్‌లో ఒకసారి, 2,500 ఆర్‌పీఎం దగ్గర ఒకసారి రాసుకోండి. ఐడ్లింగ్‌లో +15 ఉండి, రేజ్ చేస్తే సున్నా వైపు వస్తే ఇంటేక్ దగ్గర ఎక్కడో గాలి లీకవుతోంది. మన ఎండలకు పగిలిన రబ్బరు హోస్‌లనే ముందుగా అనుమానించాలి. రేజ్ చేసేకొద్దీ ట్రిమ్ పెరిగితే పెట్రోల్ పంపు, ఫిల్టర్ చూడండి. బాగా మైనస్‌లోకి పోతే పెట్రోల్ ఎక్కువ పోతోంది. ఇంజెక్టర్ కారుతోందా, ప్రెషర్ రెగ్యులేటర్ పాడైందా చూడాలి.

ఈ20 పెట్రోల్‌తో (20 శాతం ఇథనాల్ కలిపినది) ట్రిమ్ కొంచెం ప్లస్ వైపు జరగడం సహజం, ఎందుకంటే ఇథనాల్‌కు అదే బరువు పెట్రోల్‌కన్నా తక్కువ గాలి చాలు, కాబట్టి అంతే గాలికి ఇంధనం ఎక్కువ పంపాలి.

లీకు వెతకడానికి వేడి ఇంజన్ మీద కార్బ్ క్లీనర్ (కార్బ్యురేటర్ శుభ్రం చేసే స్ప్రే) కొట్టే అలవాటు కొందరికి ఉంది. దయచేసి చేయకండి, మంట అంటుకుంటుంది. స్మోక్ టెస్ట్ (ఇంటేక్‌లోకి పొగ పంపి, అది ఎక్కడ బయటికొస్తుందో చూడటం) చేయించండి.

5. మళ్లీ కొలవండి

ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. కోడ్ చెరిపేసి, కొన్ని రోజులు నడిపి, మళ్లీ పొల్యూషన్ టెస్ట్ చేయించండి. పాత రిపోర్టు, కొత్త రిపోర్టు ఆర్‌సీతో పాటే పెట్టుకోండి. ఈసారి మెకానిక్ దగ్గరికి వెళ్తే ముందు ఆ రెండు కాగితాలు ఆయన చేతిలో పెట్టండి.