పాత గుడికి మరమ్మతు తలపెట్టారా? నీటి దారి మూయకండి

2025 ఏప్రిల్ 30 తెల్లవారుజామున సింహాచలంలో అప్పన్న నిజరూప దర్శనానికి వరుసలో నిలబడిన ఏడుగురు భక్తులు గోడ కూలి ప్రాణాలు కోల్పోయారు. ఆ గోడ పాతది కాదు, చందనోత్సవానికి కొద్ది రోజుల ముందు హడావిడిగా కట్టినది. రాత్రి కురిసిన భారీ వర్షానికి వెనుకనున్న మట్టి నానింది, నానిన మట్టి బరువుకు గోడ నిలవలేదు. అదే కొండ మీద 13వ శతాబ్దంలో గాంగ రాజుల కాలాన కట్టిన మండపాలు ఏడు వందల ఏళ్లకు పైగా వానలను తట్టుకుని నేటికీ నిలిచి ఉన్నాయి. వాటిని కట్టినవారు రాయి పేర్చడానికి ఎంత శ్రద్ధ పెట్టారో, నీరు పోయే దారికీ అంతే శ్రద్ధ పెట్టారు.

వానలు పడేలోగా గుడి బాగు చేయించాలని చాలా ఊళ్లలో జీర్ణోద్ధరణ కమిటీలు పనులు మొదలుపెడతాయి. చందాల పుస్తకం, ముహూర్తం, అన్నదానం వంటి వాటి గురించి ఇక్కడ రాయడం లేదు, అవి అందరికీ తెలిసినవే. భక్తితో, మంచి మనసుతో చేసి గుడులను పాడుచేసుకుంటున్న తప్పు ఒకటుంది. అది నీటి దారిని సిమెంటుతో మూసివేయడం.

సిమెంటు ఎందుకు వద్దు

పాత గోడల్లో రాళ్ల మధ్య, ఇటుకల మధ్య ఉన్నది డంగు సున్నం. గానుగలో నూరి, కరక్కాయ నీళ్లు, బెల్లం వంటివి కలిపి చేసిన ఆ సున్నం రాయికంటే మెత్తనిది. గోడలోకి చేరిన తేమ ఆ మెత్తని అతుకుల గుండా మెల్లగా ఆరిపోతుంది. ఆ అతుకులను గీకి సిమెంటు పూసిన మరుక్షణం తేమకు ఉన్న దారి మూసుకుపోతుంది. అప్పుడది రాయి గుండానే బయటికి రావలసి వస్తుంది, వస్తూ వస్తూ తనలోని ఉప్పును రాతి ఉపరితలం కింద వదులుతుంది. ఆ ఉప్పు గట్టిపడి ఉబ్బినప్పుడు రాయి పొరలుగా రాలుతుంది. గ్రానైటు కొంత కాలం ఓర్చుకుంటుంది, కానీ అలంపురం నవబ్రహ్మ ఆలయాల్లోనూ రామప్పలోనూ ఉన్నటువంటి ఇసుకరాయి ఓర్చుకోదు. ముందుగా పోయేది శిల్పం ముఖమే, ఎందుకంటే అక్కడే చెక్కడం పలుచగా ఉంటుంది.

పైకప్పు కారుతోందని మండపం మీద కాంక్రీటు స్లాబు పోయించడం ఇంతకంటే పెద్ద ప్రమాదం. కింది స్తంభాలు లెక్కలో లేని బరువును మోయాల్సి వస్తుంది, స్లాబు కింద చిక్కిన నీరు ఎటూ పోలేక లోపలి సున్నాన్ని కరిగిస్తుంది. రామప్ప శిఖరానికి 1213 నాటి శిల్పులు నీటిపై తేలేంత తేలిక ఇటుకలను వాడారు. పైన బరువు తగ్గించాలని వారు పడిన తాపత్రయం అది.

సోమసూత్రం ఎక్కడుందో ముందు చూడండి

శివాలయంలో ప్రదక్షిణం చేసేవారు సోమసూత్రం దాటకుండా వెనుదిరుగుతారు. స్వామికి అభిషేకించిన జలం గర్భగుడి నుంచి బయటికి వచ్చే ఆ తూమును దాటరాదన్నది ఆచారం. ఆచారంలోని పవిత్రత ఎంత నిజమో, నిర్మాణంలో దాని అవసరం కూడా అంతే నిజం. గుడి చుట్టూ మట్టం పెంచి గ్రానైటు పలకలు, టైల్సు పరిచిన చోట ఈ తూము నోరు సగం దాకా పూడిపోయి ఉండడం నేను పదేపదే చూశాను. బయట గోముఖం పెదవి వరకు టైలు ఆనుకుని ఉంటుంది. లోపల గర్భగుడి గోడ మీద మోకాలెత్తు దాకా నల్లటి చెమ్మ మరక పాకి, దాని పైఅంచున తెల్లని ఉప్పు గీత కట్టి ఉంటుంది. ఏటా ఎన్నో బిందెల అభిషేక జలం పునాదిలోకే ఇంకుతోందని ఆ మరక చెబుతుంది. ఇసుక పునాది మీద నిలబెట్టిన కాకతీయ ఆలయాల విషయంలో ఇది మరీ భయపడవలసిన సంగతి. కనుక టైల్సు ఆర్డరు ఇచ్చే ముందు తూము వెతకండి, దాని మట్టం కంటే నేలను ఒక్క అంగుళం కూడా పైకి లేపకండి.

శాసనం, పూజ, అనుమతి

శాసనం ఉన్న రాయిని సాండ్ బ్లాస్టింగ్ చేయించకండి. ఏ భక్తుడు అఖండ దీపానికి ఎన్ని గొర్రెలు, ఎంత భూమి ఇచ్చాడో ఆ అక్షరాల్లోనే ఉంది. ఆ దీపం ఎవరి పేరున వెలిగిందో తెలిపే ఆధారం ఊరికి మరొకటి ఉండదు. ఇసుక చిమ్మిన యంత్రం మురికితో పాటు అక్షరాన్నీ తీసుకుపోతుంది.

విగ్రహానికి సంబంధించిన పని ఉంటే బాలాలయం, అంటే పని ముగిసేదాకా పూజలు జరిగే తాత్కాలిక ఆలయం, ఏర్పాటు చేసి, ఆగమం తెలిసిన అర్చకుల చేత స్వామిని అక్కడికి వేంచేపు చేయించిన తరువాతే పని మొదలుపెట్టండి. యాదాద్రిలో 2016 నుంచి 2022 మార్చిలో ప్రధానాలయం తెరిచే వరకు బాలాలయంలోనే పూజలు జరిగాయి. తొందరపడి ఈ క్రమం తప్పించవద్దు.

కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడమైతే చుట్టూ 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపై మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. అలాంటి రక్షణ లేని ఊరి గుడి అయినా సరే, దేవాదాయ శాఖ స్థపతినీ (ఆలయ నిర్మాణ నిపుణుణ్ని) రాష్ట్ర పురావస్తు శాఖనూ అడగకుండా పలుగు పట్టకండి.

ఇక మిగిలినవి:

పగులు కనిపిస్తే సిమెంటుతో కప్పకండి. పగులుకు అడ్డంగా పలుచటి గాజు ముక్క అతికించి పక్కన తేదీ రాయండి. గాజు విరిగితే గోడ కదులుతోందని అర్థం. 1516 నాటి శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే 26 రాత్రి కూలడానికి ముందు పగుళ్లు కనిపించాయి.

గాజు విరిగిన చోటికి ఎవ్వరినీ పోనివ్వకండి, ఉత్సవమైనా సరే.

గోపురం మీది రావి మొక్కను చేత్తో పీకకండి, వేరుతో పాటు ఇటుకలు ఊడి వస్తాయి. కాండం కోసి, వేరు చచ్చే మందు పెట్టించండి.

రాయి విప్పవలసి వస్తే, విప్పే ముందే ప్రతి రాయికీ అంకె వేసి ఫోటో తీయండి. వేయి స్తంభాల గుడి కల్యాణమండపాన్ని విప్పిన తరువాత తిరిగి నిలబెట్టి తెరవడానికి ఏళ్ల తరబడి పట్టింది, 2024 మార్చిలో గానీ తెరవలేకపోయారు. అంకెలు లేని రాళ్లగుట్టను ఎవరూ తిరిగి గుడి చేయలేరు.

శిల్పాలకు ఎనామిల్ రంగు వద్దు. అది కూడా నీటి దారిని మూసేదే.

కోనేటి అడుగున కాంక్రీటు వద్దు. ఊట చస్తుంది.

ఇనుప కమ్మీలు రాతిలో దిగగొట్టవద్దు. తుప్పు పట్టి ఉబ్బితే రాయి చీలుతుంది.

కాంట్రాక్టరు "సిమెంటైతేనే గట్టి" అంటే వినకండి. దాత తన పేరు పలక కోసం తొందరపెడితే వినకండి. సిమెంటు వద్దంటే వద్దు.

మొదటి పెద్ద వాన కురిసే రోజున కమిటీ వాళ్లు గొడుగులు పట్టుకుని గుడి చుట్టూ తిరగండి. ప్రతి తూము నుంచి నీరు పడుతోందా లేదా చూసి రాసుకోండి. నీరు పడని తూమును మర్నాడే తెరిపించండి.