‘ది క్రూసిబుల్’ నాటకంలో సామూహిక ఉన్మాదాన్ని వేదికపైకి తేవడం ఎలా?

కొందరు అమ్మాయిల మాటలు నమ్మి ఒక ఊరు మంత్రవిద్య నేరం మీద మనుషులను విచారించిన కథ ఆర్థర్ మిల్లర్ రాసిన ‘ది క్రూసిబుల్’. దానిని ప్రదర్శనకు ఎంచుకున్న దర్శకుడు సాధారణంగా మొదటి రిహార్సల్ నుంచే అమ్మాయిల కేకల మీద, మూర్ఛల మీద శ్రమ పెడతాడు. నా అభిప్రాయంలో ఆ శ్రమ చివర పెట్టవలసినది. ఈ నాటకంలో ఉన్మాదం అరిచేవారి గొంతులో కాక వినేవారి ముఖాల్లో పుడుతుంది. పెద్దలు నమ్మిన క్షణం నుంచే పిల్లల ఆట నేరారోపణగా మారుతుంది కాబట్టి, దర్శకత్వం కూడా ఆ పెద్దల నుంచే మొదలు కావాలి.

పని మొదలుపెట్టే ముందు అనుమతి సంగతి తేల్చుకోవాలి. మిల్లర్ 2005లో మరణించారు. నాటకంపై హక్కులు ఇంకా అమలులోనే ఉన్నాయి. అనువాదానికీ, ప్రదర్శనకూ, పరిషత్తు పోటీల సమయానికి తగ్గట్టు కుదించడానికీ కూడా హక్కుదారుల సమ్మతి తీసుకోవాలి.

నటీనటులకు చరిత్ర చెప్పడానికి ఒక పూట చాలు. మసాచుసెట్స్‌లోని సేలంలో 1692లో 150 మందికి పైగా మంత్రవిద్య ఆరోపణపై చెరసాల పాలయ్యారు. 19 మందిని ఉరి తీశారు. విచారణకు లొంగని ముసలి రైతు గైల్స్ కోరీని రాళ్ల బరువుతో నలిపి చంపారు. నేరం ఒప్పుకుని ఆ మాట మీదే నిలబడినవారికి ఉరి తప్పింది, ఒప్పుకోనివారికి పడింది. నటులు మనసులో నిలుపుకోవలసిన విషయం ఇదే. మిల్లర్ చరిత్రను ఉన్నదున్నట్టు రాయలేదని కూడా వారికి తెలియాలి. ఆరోపణలు చేసిన అమ్మాయిల్లో ఒకతె అయిన అసలు అబిగైల్‌కు పన్నెండేళ్లకు మించి లేవు, నిందితుల్లో ఒకడైన ప్రాక్టర్‌కు అరవై ప్రాంతం. నాటకంలో ఆమె 17 ఏళ్ల యువతి, అతను ముప్పైల్లోని రైతు, వారి మధ్య సంబంధం రచయిత కల్పన. ఆ కల్పన బలమైనదే గాని, దానిని పట్టుకుని నాటకం మొత్తాన్ని తిరస్కరించబడిన అమ్మాయి పగగా ఆడితే ఊరంతా చేసిన తప్పు ఒక్కతె తల మీద పడుతుంది. ఒక తప్పుడు ఆరోపణ కథ చెబుతూ మనమూ అదే పని చేసినట్టవుతుంది.

ఆ తర్వాత రాతప్రతిని ముందు పెట్టుకుని, ప్రతి నిందితురాలి పేరు మొదట ఎవరి నోట వచ్చిందో గుర్తించే పని నటులందరికీ అప్పగించండి. మొదటి అంకం చివర బానిస టిట్యూబాను నిలదీసే ఘట్టంలో ఈ పరిశీలన ఫలితం చాలా స్పష్టంగా కనిపిస్తుంది. ఆమెను కొట్టి చంపుతానని ఒకరు, ఉరి తీయాలని మరొకరు బెదిరిస్తారు. వెంటనే పాస్టర్ హేల్ మెత్తని గొంతుతో దేవుని ప్రేమ గురించి మాట్లాడతాడు. సాతానుతో ఎవరెవరిని చూశావని అడుగుతారు. సారా గుడ్, ఆస్బర్న్ అనే పేర్లను ఆ గదిలో ముందుగా పలికేది టిట్యూబా కాదు, ప్రశ్న వేస్తున్న పట్నం అనే భూస్వామి. ఆమె వారు అందించిన పేర్లనే వారికి తిరిగి ఇస్తుంది, వారు దానిని సాక్ష్యంగా స్వీకరిస్తారు. అందువల్ల ఈ ఘట్టంలో బెదిరింపులను బిగ్గరగాను, హేల్ ఓదార్పును నెమ్మదిగాను, పట్నం పేర్లు అందించే వాక్యాన్ని చుట్టూ నిశ్శబ్దం ఉంచి స్పష్టంగాను పలికించాలి. ఆ పేర్లు హడావిడిలో కలిసిపోతే ఆరోపణ ఎలా తయారైందో ప్రేక్షకుడికి ఎప్పటికీ తెలియదు.

ఎక్కువ రోజులు కేటాయించవలసినది మూడో అంకానికి. అందులో రెండు ఘట్టాలను పక్కపక్కన పెట్టి సాధన చేయాలి. ఆ అమ్మాయిల్లో ఒకతె, ప్రాక్టర్ ఇంటి పనిమనిషి అయిన మేరీ వారెన్ తాము నటించామని ఒప్పుకున్నప్పుడు, అలాగైతే ఇప్పుడు మూర్ఛపోయి చూపించమని న్యాయస్థానం ఆమెను అడుగుతుంది, ఆమెకు చేతకాదు. అరుపులు విన్నానని, న్యాయమూర్తులు కూడా నమ్ముతున్నట్టు కనిపించారని, అందుకే దెయ్యాలను చూశాననుకున్నానని ఆమె చెప్పే జవాబే నాటకానికి తాళంచెవి. చుట్టూ నమ్మకం లేనప్పుడు శరీరం కూడా సహకరించదు. కొద్దిసేపటికే చల్లని గాలి వీస్తోందని అబిగైల్ అనడం, అనంతరం దూలం మీద పసుపుపచ్చ పిట్ట ఉందని పైకి చూసి కేక వేయడం జరుగుతాయి. ఈసారి నమ్మేవారు సిద్ధంగా ఉన్నారు కాబట్టి అందరి శరీరాలూ సహకరిస్తాయి.

ఈ పిట్ట ఘట్టాన్ని మొదటి కొన్ని రోజులు అమ్మాయిలు గొంతు విప్పకుండా, కేవలం చూపులతో మాత్రమే చేయించండి. న్యాయమూర్తులు డాన్‌ఫోర్త్, హాథార్న్, ఊరి పాస్టర్ పారిస్, ఇంకా హేల్, ప్రాక్టర్ పాత్రధారులలో ప్రతి ఒక్కరూ తాను ఏ క్షణంలో పైకి చూడాలో, చూడకూడదో నిర్ణయించుకోవాలి. డాన్‌ఫోర్త్ తల ఎత్తిన క్షణమే ఆ ఘట్టానికి మలుపు; వేదిక మీద మిగిలిన కదలికలన్నీ ఆ క్షణం స్పష్టంగా కనిపించేలా అమర్చాలి. ఇది కుదిరాకే గొంతులు కలపాలి. మేరీ అన్న మాటనే అమ్మాయిలందరూ తిరిగి అనడంలో వారందరూ ఒకేసారి కోరస్‌లా పలికితే అది పాఠశాలలో పద్యం అప్పజెప్పినట్టు వినిపిస్తుంది. అబిగైల్ మొదలుపెట్టగా, ఒకరి నుంచి ఒకరికి ఆవులింత పాకినట్టు, అర ఊపిరి తేడాతో పక్కవారు అందుకోవాలి. చివరికి మాత్రమే గొంతులన్నీ కలవాలి. వారు నటిస్తున్నారా, నిజంగానే వణుకుతున్నారా అని ప్రేక్షకుడు తేల్చుకోలేకపోవడమే మేలు. అబిగైల్‌కు తప్ప మిగిలినవారికి ఆ తేడా అప్పటికి చెరిగిపోయిందని వారికి చెప్పండి. ఈ ఒత్తిడికి తాళలేక మేరీ తిరిగి వారిలో చేరి ప్రాక్టర్‌ను సాతాను మనిషి అని అరిచేటప్పుడు, ఆమె ముఖంలో ద్రోహం కన్నా ఒంటరితనం తొలగిన ఊరట ఎక్కువగా కనిపించాలి.

డాన్‌ఫోర్త్‌ను క్రూరుడిగా ఆడించడం మన వేదికకు అలవాటైన తేలిక మార్గం, దానికి లొంగకండి. అతను మర్యాదస్తుడు, శ్రద్ధగా వింటాడు. నిందితురాలైన రెబెకా నర్స్ తదితరుల మంచితనానికి హామీగా 91 మంది సంతకాలు చేసిన కాగితం అందినప్పుడు, వారందరినీ విచారణకు పట్టి తెమ్మనే ఉత్తర్వును అతను కోపంగా కాక, గుమస్తాకు రోజువారీ పని చెప్పినంత మామూలుగా పలకాలి. తన సంతకంతో అప్పటికే మనుషులకు ఉరిశిక్ష పడింది గనుక, అమ్మాయిలది అబద్ధమని ఒప్పుకుంటే తానెవరో తానే ఒప్పుకోవలసి వస్తుందన్న భయం ఆ మర్యాద కింద ఉండాలి.

అనువాదంలో ఒక సూచన. సేలంను తెలుగు పల్లెగానో, మంత్రవిద్యను చేతబడిగానో మార్చవద్దు. చేతబడి, బాణామతి నెపంతో మన ఊళ్లలో మనుషుల మీద దాడులు జరిగిన సంగతి ప్రేక్షకుడికి తెలుసు. ఆ పోలికను అతని మనసే తెచ్చుకోనివ్వాలి. సేలం ప్రజలు బైబిలు భాషలో ఆలోచించినవారు కాబట్టి, తెలుగు బైబిలు పలుకుబడి ఇక్కడ చక్కగా అమరుతుంది. పది ఆజ్ఞలు చెప్పమన్నప్పుడు ప్రాక్టర్ మరిచిపోయే ఆజ్ఞ ‘వ్యభిచరింపకూడదు’ అన్న మాటల్లోనే ఉండాలి. సాతానుకు తెలుగు బైబిలులో ‘అపవాది’ అనే పేరు కూడా ఉంది. అపవాదులు వేసేవారే అపవాదిని వెతుకుతున్న ఈ నాటకంలో ఆ మాటను పారిస్ నోట, హేల్ నోట తప్పక పలికించాలని కోరుతున్నాను.

నాలుగో అంకానికి వచ్చేసరికి అరుపులు పూర్తిగా ఆగిపోవాలి. తెల్లవారుజామున చెరసాలలో ప్రాక్టర్ తన మీద నేరం ఒప్పుకుంటాడు గాని, ఇతరుల పేర్లు చెప్పమంటే నిరాకరిస్తాడు. 1956లో కమ్యూనిస్టుల కోసం వెతుకుతున్న అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు మిల్లర్ కూడా ఇతరుల పేర్లు చెప్పడానికి నిరాకరించారు. నాటకం తొలి ప్రదర్శన అప్పటికి మూడేళ్ల కిందటే, 1953 జనవరిలో జరిగింది. ప్రాక్టర్ తాను సంతకం చేసిన ఒప్పుకోలు కాగితాన్ని చింపే చోట నేపథ్య సంగీతం వద్దు. కాగితం చిరిగిన చప్పుడు చివరి వరుసకు వినబడాలి, కాబట్టి మందమైన కాగితాన్ని ఎంచుకుని, ఆ చప్పుడును ఖాళీ హాలులో చివరి కుర్చీ నుంచి మీరే విని చూసుకోండి. తర్వాత బయట డప్పు మోగినప్పుడు ప్రాక్టర్ భార్య ఎలిజబెత్ కిటికీ ఊచలు పట్టుకుని నిలబడుతుంది. ఆమె ముఖం మీద తెల్లవారి వెలుగు పడేవరకూ తెర వేయవద్దు.