కస్టడీ పిటిషన్ వేసే ముందు

భార్యకో భర్తకో మానసిక సమస్య ఉందంటూ విశాఖ ఫ్యామిలీ కోర్టులో విడాకులకు, పిల్లల కస్టడీకి పిటిషన్ వేయబోతున్నారా? సంతకం పెట్టే ముందు ఇవి చూసుకోండి.

• జబ్బు పేరు చెబితే చాలదు. కలిసి కాపురం చేయడం సాధ్యం కానంత తీవ్రంగా ఆ రుగ్మత ఉందా అన్నదే 1955 హిందూ వివాహ చట్టం అడుగుతుంది. స్కిజోఫ్రెనియా అనే తీవ్ర మానసిక రుగ్మత ఉన్నంత మాత్రాన విడాకులు రావని 1988లోనే సుప్రీంకోర్టు తేల్చింది. నిద్రమాత్రల చీటీ చూపించి గెలుద్దామనుకునేవారు ఆశ వదులుకోవచ్చు.

• డైరీ రాయండి. ‘పిచ్చిగా ప్రవర్తిస్తోంది’ వంటి మాటలు మీకే ఎదురు తిరుగుతాయి. ‘మంగళవారం బాబును బడి నుంచి తీసుకురాలేదు, ఏడింటిదాకా వాడు వాచ్‌మన్ కుర్చీలో కూర్చున్నాడు’ అని జరిగింది జరిగినట్టు రాయండి. బిడ్డను చక్కగా చూసుకున్న రోజులనూ వదలకండి. అవి లేని డైరీని ఎవరూ నమ్మరు.

• ఆసుపత్రి ఫైలు దొంగచాటుగా తీయవద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆ వివరాలు గోప్యం. కావాలంటే కోర్టు ద్వారా అడగండి.

• రెచ్చగొట్టి వీడియో తీయడం, మందులు దాచడం నీచం. బిడ్డను గూఢచారిని చేయడం అంతకన్నా నీచం.

• హిందూ చట్టం ప్రకారం అయిదేళ్లలోపు బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉంటుంది.

• చనిపోతానన్న మాట వినిపిస్తే కేసు పక్కన పెట్టి, ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోను చేయండి. వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

• మహిళలకు, మానసిక రుగ్మత ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. అవతలివారికీ ఆ సంగతి చెప్పండి.