పోర్టు క్యూలో గంటలు ఎవరి ఖాతా?

చీమకుర్తిలో గ్రానైట్ బ్లాకులు ఎక్కించుకుని కృష్ణపట్నం పోర్టుకి తోలతా ఉంటా. చిక్కంతా క్యూలోనే. బండి గజం గజం జరపతా ఉంటే కునుకెక్కడిది? మా ఓనరన్న మాత్రం అదంతా రెస్టే గదా అనేవోడు.

2025లో రద్దయిన 1961 మోటారు రవాణా కార్మికుల చట్టంలో రోజుకి 8 గంటల పని, వరసన 5 గంటలు చేస్తే అరగంట విరామం అని ఉండేది. టెర్మినల్ కాడ 15 నిమిషాల్లోపు ఎదురుచూపు కూడా అందులో పని కిందే లెక్కేసేవోళ్లు. ఇది చాలామందికి తెలిసేది కాదు.

ఇప్పుడు డ్యాష్‌బోర్డు మీద డైరీ పెట్టా: తోలింది, క్యూలో జరిపింది, పడుకుంది. టంగుటూరు, ముసునూరు టోల్‌గేట్ల ఫాస్టాగ్ మెసేజ్‌లు ఎటూ ఓనర్ ఫోనుకే పోతాయి. పేజీ ఫోటో వాట్సాప్‌లో పెడితే ఆయనే టైములు సరిచూసుకుంటాడు. రోజు ఎనిమిది గంటల్లో ఇంకా మిగిలినవి ఎర్ర పెన్నుతో అడుగున రాస్తా. మిగిలింది రెండు గంటలే అయితే, "అన్నా, కావలి కాడ ఆపేస్తన్నా" అని ముందే ఫోను కొడతా. ఓవర్‌టైమ్ డబ్బుల సంగతి మాత్రం ఇంకా తేలలా.