ఎల్ అనాట్సుయి ఆర్ట్ ఎలా చూడాలి: మూతల దగ్గర మొదలుపెట్టొద్దు

ఎల్ అనాట్సుయి ఘనాలో పుట్టిన శిల్పి. పేరు వినకపోయినా ఈయన పని ఫోటో ఎక్కడో ఒకచోట మీ కంట పడే ఉంటుంది. గోడంత పెద్ద బంగారు రంగు బట్ట ముడతలు పడి వేలాడుతున్నట్టు ఉంటుంది, జూమ్ చేస్తే అదంతా మద్యం సీసాల మూతలు. చాలామంది అక్కడే ఆగిపోయి "చెత్తలోంచి కళ" అని క్యాప్షన్ పెట్టి షేర్ చేసేస్తారు. నాకు ఆ క్యాప్షన్ చూస్తే ఒళ్ళు మంట, ఎందుకంటే మూతలు చేతికొచ్చేసరికి ఆయనకి యాభై దాటాయి, అప్పటికే దాదాపు ముప్పై ఏళ్ళ పని వెనకాల ఉంది. అందుకే నేనైతే ముందు ట్రేలు, తర్వాత కుండలు, తర్వాత చెక్క, మూతలు చివర్లో చూడమంటా.

ఆయన 1944లో ఘనాలో అన్యాకో అనే ఊళ్ళో పుట్టారు, ఇంట్లో నాన్న, అన్నలు కెంటే అనే ఘనా రంగురంగుల చారల బట్ట నేసేవాళ్ళు. ఘనాలోనే కుమాసి నగరంలో ఆర్ట్ చదివారు కానీ అక్కడ నేర్పిందంతా యూరప్ పద్ధతే. తర్వాత విన్నెబాలో టీచర్‌గా ఉన్నప్పుడు, బజార్లో ఆడవాళ్ళు సరుకు పరిచి అమ్మే గుండ్రటి చెక్క ట్రేలు తీసుకుని వాటిమీద కాల్చిన ఇనుముతో ఆడింక్రా గుర్తులు, అంటే ఒక్కోటి ఒక్కో అర్థం చెప్పే ఘనా సంప్రదాయ గుర్తులు, వేశారు. నెట్‌లో ముందు ఈ ట్రేలు వెతకండి. కంచు, పాలరాయి జోలికి పోకుండా నలుగురి చేతుల్లో నలిగిన వస్తువునే పట్టుకోవడం అనే అలవాటు అక్కడే కనిపిస్తుంది, మూతల దాకా అదే.

1975లో నైజీరియా వెళ్ళి న్సుక్కాలో యూనివర్సిటీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు, 2011 దాకా అక్కడే. మొదట్లో చేసినవి పగిలిన కుండల సిరీస్, పెంకులు పెంకులుగా కనిపించే మట్టి పని. ఇవి గబగబా చూసేసినా పర్లేదు.

చెక్క దగ్గర మాత్రం తీరిగ్గా ఆగండి. 1980లో అమెరికాలో మసాచుసెట్స్‌లో రెసిడెన్సీకి (కళాకారులు కొన్నాళ్ళు ఉండి పని చేసుకునే ఏర్పాటు) వెళ్ళినప్పుడు చైన్‌సా పట్టుకున్నారు, మామూలుగా చెట్లు నరికే రంపం, దాంతో చెక్కని చీరేసి, కాల్చి, పొడుగు పలకలు పక్కపక్కన పేర్చారు. ఆ కోతలు చూస్తే ఆఫ్రికాని మ్యాప్ మీద గీతలు గీసి పంచుకున్న తీరు గుర్తొస్తుంది, అది నేను ఊహించి చెప్పేది కాదు, ఆయన పని గురించి రాసేవాళ్ళు అనే మాటే. ఇంకో సంగతి, ఆ పలకల వరస కొన్నవాళ్ళు మార్చుకోవచ్చు. అంటే శిల్పానికి ఫిక్స్‌డ్ ఆకారం అక్కర్లేదు అన్న ఐడియా మూతలకి ముందే వచ్చేసింది.

ఇప్పుడు మూతలు. 1998 ప్రాంతంలో న్సుక్కా దగ్గర పొదల్లో ఒక సంచి నిండా దొరికాయి, కొన్నాళ్ళు స్టూడియోలో అలాగే పడున్నాయి. తర్వాత వాటిని చదును చేసి, మడిచి, మెలిపెట్టి రాగి తీగతో కలపడం మొదలైంది. రంగు వేసింది ఏమీ లేదు, ఎరుపు పసుపు అన్నీ బ్రాండ్ల రంగులే. యూరప్ వాళ్ళు ఆఫ్రికాకి మద్యం తెచ్చి సరుకుకీ మనుషులకీ బదులుగా ఇచ్చిన చరిత్ర ఉంది కదా, మూత ఊరికే మూత కాదు.

మూతలు బట్టలా వేలాడతాయంటే నమ్మకం కుదరకపోతే ఒక చిన్న ముక్క మీరే చేసి చూడండి. విస్కీ, బ్రాందీ సీసాలకొచ్చే అల్యూమినియం మూతలు కావాలి, బీరు మూతలు ఇనుప రేకు కాబట్టి అంత తేలిగ్గా వంగవు. గ్లోవ్స్ వేసుకుని కత్తెరతో పక్కన చీల్చండి, అంచు బ్లేడులా కోస్తుంది జాగ్రత్త, సుత్తితో చదును చేసి నాలుగు మూలలా మేకుతో చిల్లులు పెట్టి పాత కరెంటు వైరులోంచి తీసిన సన్న రాగి తీగతో కలపండి. బిగించి కడితే రేకులా నిలబడిపోతుంది, కొంచెం వదులు ఇస్తేనే బట్టలా జారి ముడతలు పడుతుంది. అరచేయంత ముక్కకే వేళ్ళు లాగేస్తాయి, అప్పుడు న్సుక్కా స్టూడియోలో పదుల మంది ఎందుకు కూర్చుని కడతారో తెలుస్తుంది.

తర్వాత ఒకే పని రెండు వేర్వేరు మ్యూజియంలలో ఎలా వేలాడిందో ఫోటోలు పక్కపక్కన పెట్టుకోండి. ఇలాగే కట్టాలి అని ఆయన రూల్ పెట్టరు, ముడతలు ఎక్కడ రావాలో కట్టేవాళ్ళకే వదిలేస్తారు, అందుకని రెండుచోట్లా వేరుగా ఉంటుంది. నా దృష్టిలో అవార్డుల లిస్టు కంటే ఇది ముఖ్యం, అయినా అడుగుతారు కాబట్టి, ఇటలీలో జరిగే పెద్ద కళా ప్రదర్శన వెనిస్ బినాలేకి 1990లోనే వెళ్ళారు, 2007లో అక్కడ ఒక పాత భవనం ముందు భాగమే కప్పేశారు, 2015లో జీవితకాల కృషికి అదే బినాలే ఇచ్చే గోల్డెన్ లయన్ అవార్డు వచ్చింది, 2023లో లండన్‌లో టేట్ మోడర్న్ మ్యూజియం టర్బైన్ హాల్‌లో 'బిహైండ్ ద రెడ్ మూన్' వేలాడదీశారు.

బే ఏరియాలో ఉన్న మనవాళ్ళకి శాన్‌ఫ్రాన్సిస్కో డి యంగ్ మ్యూజియంలో 'హోవోర్ 2' ఉంది, న్యూయార్క్ వైపు వాళ్ళకి మెట్రోపాలిటన్ మ్యూజియం, లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం. వెళ్ళే ముందు డిస్‌ప్లేలో ఉందో లేదో వెబ్‌సైట్‌లో చూసుకోండి, మ్యూజియంలు తీసి లోపల పెట్టేస్తుంటాయి. వెళ్ళాక ఎదురుగా సెల్ఫీ దిగి వచ్చేయకుండా గోడకి ఆనుకున్నంత పక్కగా నిలబడి చూడండి, ముడతల లోతు, తీగ ముడులు, కొన్ని మూతల మీద ఇంకా చదవగలిగే బ్రాండ్ పేర్లు అక్కడి నుంచే కనిపిస్తాయి.